కాళ్ళ కొలతల మేఘారోహణం

రాజధాని నుంచి వచ్చిన ఆ సర్క్యులర్ పదకొండు పేజీలు. కృత్రిమ అవయవాల సంస్థ ఉత్తర ప్రాంతీయ కార్యాలయంలో దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషి దమయంతి ఒక్కతే. ఆమె అక్కడ కంప్యూటర్ ఆపరేటర్. ఇరవై రెండేళ్ళుగా ఆరో నంబరు గదిలో కూర్చుని కాళ్ళ కొలతలు ఎక్కించడం ఆమె పని. ఎడమా కుడా, మోకాలి పైనా కిందా, పొడవెంత, చుట్టుకొలతెంత, మళ్ళీ ఎప్పుడు మార్చాలి, ఇలా పంతొమ్మిది వేల మంది వివరాలు ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క పాత కంప్యూటర్లో ఉన్నాయి. వేసవిలో అది వేడెక్కినప్పుడు దమయంతి టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పేసి, తాను పైటకొంగుతో విసురుకునేది.

సర్క్యులర్ చెప్పిందేమిటంటే, ప్రతి సంస్థా తన సమాచారాన్ని క్లౌడ్‌లోకి తరలించాలి. క్లౌడ్ నాలుగు రకాలు. పబ్లిక్, ప్రైవేట్, హైబ్రిడ్, కమ్యూనిటీ. వీటిలో ఏది కావాలో తొంభై రోజుల్లో తేల్చి తెలియజేయాలి. పదకొండో పేజీ అడుగున, సంతకానికి సరిగ్గా పైన, ఇంకొక్క వాక్యం ఉంది: "నమూనా ఖరారగు పర్యంతము ప్రస్తుత సమాచారమును తెరచుట, మార్చుట, వినియోగించుట నిషిద్ధము."

దమయంతి ఆ కాగితాలు పట్టుకుని డైరెక్టర్ వేదాద్రి గారి గదికి వెళ్ళింది.

"సార్, కొలతలు తెరవకూడదంటే కాళ్ళు చేసేదెలాగండి?"

"తొంభై రోజులే కదమ్మా," అన్నారాయన. "కాలు లేకుండా ఇన్నాళ్ళున్నవాళ్ళు ఇంకో తొంభై రోజులు ఉండలేరా? అది సరే, ఈ క్లౌడ్ అనగానేమి? సంక్షిప్తంగా వివరించండి."

దమయంతి వివరించింది. మన సమాచారాన్ని మన గదిలో కాకుండా పెద్ద యంత్రాలున్న మరో చోట దాచుకోవడమే క్లౌడ్. పబ్లిక్ అంటే పెద్ద కంపెనీ యంత్రాల్లో అందరితోపాటు మనమూ అద్దెకుండటం. ప్రైవేట్ అంటే అచ్చంగా మనకోసమే ఉండే సొంతిల్లు లాంటిది. హైబ్రిడ్ అంటే కొంత అక్కడ, కొంత ఇక్కడ. కమ్యూనిటీ అంటే మనలాంటి ఆఫీసులు నాలుగు కలిసి ఒకే ఇంట్లో ఉండటం.

"మనకి ఏదైనా ఫర్వాలేదు సార్. ఏదో ఒకటి రాసి పంపేస్తే వారంలో పని అయిపోతుంది. మిషను పాతబడిపోయింది, ఎక్కువ రోజులు ఆగదండి," అంది.

వేదాద్రి గారికి మిషను సంగతి వినపడలేదు. 'ఏదైనా ఫర్వాలేదు' అన్న మాట దగ్గరే ఆయన మనసు గాయపడింది. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో ఏదైనా ఫర్వాలేని విషయం ఆయన బల్ల మీదికి ఒక్కటీ రాలేదు. ఆ సాయంత్రానికే కమిటీ పడింది. అధికార భాష అమలులో ఉన్నందువల్ల క్లౌడ్‌ని తెలుగు చేసి, దానికి 'మేఘ నమూనా నిర్ణాయక సంఘము' అని పేరు పెట్టారు. అధ్యక్షులు వేదాద్రి గారు. సభ్యులు ముగ్గురు. వ్యవసాయ శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన పరిపాలనాధికారి పురుషోత్తం, న్యాయ సలహాదారు, ఉద్యోగుల యూనియన్ నాయకుడు అప్పలస్వామి. దమయంతి సభ్యురాలు కాదు. 'అవసరమైనచో పిలువబడు వ్యక్తి' అని ఉత్తర్వులో రాసి, ఆమెకి తలుపు దగ్గర ఒక స్టూలు వేయించారు.

మొదటి సమావేశంలో ప్రైవేట్ మేఘం చర్చకు వచ్చింది. పురుషోత్తం ఆ మాట ఇంకా పూర్తిగా పలకలేదు, అప్పలస్వామి లేచి నిలబడ్డాడు.

"ప్రైవేటీకరణకి యూనియన్ ఒప్పుకోదు సార్. మా శవాల మీంచి వెళ్ళాల."

దమయంతి స్టూలు మీంచి మెల్లగా అంది: "అప్పలస్వామి గారూ, ప్రైవేట్ అంటే అసలు మనదేనండి. మన ఆవరణలోనే పెట్టుకోవచ్చు. పబ్లిక్ అన్నదే కంపెనీవాళ్ళది."

అప్పలస్వామి ఆమె వంక జాలిగా చూశాడు. "అమ్మా, మీరు మంచోరు. గాని ప్రైవేటు అన్న మాట కాయితం మీద ఉంది గదా. రేపు గేటు కాడ మా వోళ్ళకి నానేటి సెప్పాల? ఇది ప్రైవేటే గాని ప్రైవేటు కాదర్రా అని సెప్పాలా?"

న్యాయ సలహాదారు తల ఊపారు. మినిట్స్‌లో ఇలా రాశారు: "మన సంస్థ పబ్లిక్ సంస్థ అయినందున, పబ్లిక్ మేఘమే సహజ న్యాయమునకు అనుగుణమని సభ్యులు భావించిరి." ఆ విధంగా కొలతలు బయటి కంపెనీకి ఇవ్వడానికి యూనియన్ చప్పట్లు కొట్టి ఆమోదం తెలిపింది. దమయంతి కూడా సంతోషించింది. ఆమెకి కావలసింది ఏదో ఒకటి తేలడమే.

అయితే రెండో సమావేశంలో న్యాయ సలహాదారు ఒక సందేహం తెచ్చారు. పబ్లిక్ అనగా బహిరంగం. లబ్ధిదారుల్లో ఆరు వేల పైచిలుకు స్త్రీలున్నారు. స్త్రీల కాళ్ళ కొలతలు బహిరంగపరచడం ఏ సెక్షన్ కిందికి వస్తుందో తాను ఊహించలేనన్నారు. పైగా, పబ్లిక్‌కి సంబంధించిన ఏ ఏర్పాటుకైనా పబ్లిక్ అభిప్రాయం తీసుకోవాలి. క్వారీకి తీసుకుంటారు, కోళ్ళఫారానికి తీసుకుంటారు, మేఘానికి మినహాయింపు ఎక్కడుంది?

కార్యాలయం వెనక మైదానంలో షామియానా వేశారు. 'మేఘ స్థాపనపై ప్రజాభిప్రాయ సేకరణ' అని పేపర్లో ప్రకటన పడింది. ఆ ఏడు వానలు లేవు. మూడు మండలాల నుంచి రైతులు ఆటోలు కట్టించుకుని వచ్చేశారు.

ముందుగా ఒక ముసలి రైతు మైకు పట్టుకున్నాడు. "బాబూ, మేగం తెత్తన్నారని పేపర్ల రాసినారట. మా సెరుకు ఎండిపోతంది. ఎప్పుడు కురుస్తాదో సెప్పండి, సాలు."

"ఇది కురియు మేఘము కాదు," అన్నారు వేదాద్రి గారు. "సమాచార నిక్షేపమునకు ఉద్దేశింపబడిన మేఘము."

ముసలాయన తలగుడ్డ సవరించుకున్నాడు. "కురవని మేగం మాకెందుకు బాబూ?" అని మైకు పక్కవాడికిచ్చి వెళ్ళిపోయాడు. జనం గొల్లుమన్నారు. గుమాస్తా 'ప్రజలు తీవ్రముగా వ్యతిరేకించిరి' అని రాసుకున్నాడు.

ఆ రోజు అరవై నాలుగు అర్జీలు వచ్చాయి. అరవై ఒకటి బోర్ల కోసం. రెండు రేషన్ కార్డుల కోసం. మిగిలిన ఒక్కటీ నూకరత్నానిది.

నూకరత్నం పక్క మండలంలో టైలరు. నలభై ఏళ్ళుంటాయి. చిన్నప్పుడు లారీ కింద పడి కుడికాలు మోకాలి కింద పోయింది. ఈ సంస్థ పెట్టిన కాలితోనే కుట్టుమిషను తొక్కుతూ పాతికేళ్ళుగా బతుకుతోంది. ఇప్పుడు ఆ కాలు చీలమండ దగ్గర పగిలింది. దానికి బైండింగు తీగ చుట్టి, మీద గుడ్డ కట్టుకుని, చేతికర్ర సాయంతో మైకు దగ్గరికి వచ్చింది.

"మూడేళ్ళకోపాలి కాలు మారుస్తామని మీరే కార్డిచ్చినారు. తారీకు దాటిపోయి రెండ్నెల్లయింది. మిషను తొక్కుతుంటే తీగ గుచ్చుకుని నెత్తురొస్తంది. నా కొలత మీ కాడే ఉన్నాది గదా బాబూ. తీసి సూసి కాలు సెయ్యడానికి ఏటడ్డం?"

వేదాద్రి గారు కాగితాలు సర్దుకున్నారు. "మీ విన్నపము మేఘేతర అంశము. నమోదు చేసుకొనడమైనది."

దమయంతి స్టూలు ఆ రోజు షామియానా అంచున ఎండలో ఉంది. నూకరత్నం దిగి వస్తుంటే ఆమె లేచి తన స్టూలు చూపించింది. నూకరత్నం కూర్చుని, ఆమె ముఖం వంక చూసి, "నువ్వు ఆరో నెంబరు గదిలో మేడం గదా? నా కొలత నీకు నోటికొచ్చే ఉంటాది," అంది నవ్వుతూ.

నిజానికి రాదు. పంతొమ్మిది వేలు ఎవరికి నోటికొస్తాయి? దమయంతి ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

మర్నాడు ఆమె కంప్యూటర్లో ఉన్నదంతా కనీసం ఒక కాపీ తీసి ఉంచడానికి అనుమతి ఇవ్వమని ఫైలు పెట్టింది. కాపీ తీయాలంటే తెరవాలి, తెరవడం నిషిద్ధం కనుక ఫైలు న్యాయ సలహాకు వెళ్ళింది. న్యాయ సలహాదారు దాన్ని చదవడానికి వీలుగా ఒక పక్కన పెట్టారు.

తొంభై రోజులు అయిపోయాయి. గడువు పొడిగించమని రాస్తే పొడిగించారు. కమిటీ హైబ్రిడ్ మీదికి వచ్చింది.

హైబ్రిడ్ గురించి మాట్లాడే హక్కు తనకొక్కడికే ఉందని పురుషోత్తం భావించాడు. వ్యవసాయ శాఖలో పద్దెనిమిదేళ్ళు విత్తనాలు చూసినవాడు. "మొదటి ఏడు హైబ్రిడ్ బ్రహ్మాండంగా వస్తుంది సార్. ఆ గింజే దాచి రెండో ఏడు వేశారో, దండగ. ఏటా కొత్త మేఘం కొనుక్కోవాలి."

"ఇది విత్తనం కాదండి," అంది దమయంతి. "బయటికి పోకూడని వివరాలు ఇక్కడ, మామూలువి అక్కడ. అంతే."

"అయితే ఏవి బయటికి పోకూడనివి?" అన్నారు వేదాద్రి గారు. ఈ ప్రశ్న మీద నాలుగు సమావేశాలు జరిగాయి. పేర్లు ఇక్కడ, కొలతలు అక్కడ అనుకున్నారు గాని, అప్పుడు ఏ కాలు ఎవరిదో తెలియదని తేలింది. చివరికి న్యాయ సలహాదారే దారి చూపించారు. మనం కొత్త ఇంట్లోకి ఏ కాలు పెట్టి వెళతాం? కుడికాలు. కనుక కుడికాళ్ళు గౌరవనీయమైనవి, ఇంట్లోనే ఉండాలి. ఎడమకాళ్ళు బయటి మేఘంలో ఉండవచ్చు. అందరికీ ఇది సబబుగానే తోచింది. తీర్మానం టైపు అవుతుండగా పురుషోత్తానికి అనుమానం వచ్చింది. రెండు కాళ్ళూ లేనివారి మాటేమిటి? అలాంటివారు రెండు వందల పద్నాలుగు మంది ఉన్నారు. 'ఉభయపాద లబ్ధిదారుల విషయమై స్పష్టత కోరుతూ' రాజధానికి లేఖ వెళ్ళింది. జవాబు రాకముందే అప్పలస్వామి ఇంట్లో ఉంచే సగం ప్రైవేటే అవుతుందని కనిపెట్టి, సగం ప్రైవేటీకరణకి కూడా యూనియన్ ఒప్పుకోదని గేటు ముందు సగం రోజు ధర్నా చేశాడు. హైబ్రిడ్ మూతపడింది.

మిగిలింది కమ్యూనిటీ. ఆ మాట మినిట్స్‌లో రాస్తూ గుమాస్తా కలం ఆపి, తలెత్తి అడిగాడు.

"ఏ కమ్యూనిటీ సార్?"

పురుషోత్తం లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. దమయంతి నోరు తెరవబోయింది. వేదాద్రి గారు చెయ్యెత్తి వారించారు. "మీకు దీని లోతు తెలియదమ్మా."

రెండు రోజుల్లో సంగతి ఊరంతా పాకింది. కుల సంఘాలవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. అందరూ మర్యాదస్తులే, శాలువాలు కూడా తెచ్చారు. జనాభాలో తమవాళ్ళు ఇంత శాతం ఉండగా మేఘం వేరేవాళ్ళకి పోతే తమ పిల్లలకి ఏం సమాధానం చెప్పుకోవాలని అడిగారు. ఒకాయన తన వాటాగా మేఘంలో తూర్పు భాగం చాలన్నాడు. వేదాద్రి గారు అందరికీ టీ ఇప్పించి, బాధ్యతను పై మెట్టుకి చేర్చారు. మేఘం ఏ కమ్యూనిటీకి చెందినదో ధ్రువీకరణ పత్రం జారీ చేయమని తహశీల్దారుకి రాశారు.

తహశీల్దారు కార్యాలయం నుంచి మూడు వారాలకి జవాబు వచ్చింది. దరఖాస్తుదారు స్థానికత రుజువు కావాలన్నారు. మేఘం ఎక్కడ ఉంటుందో కనుక్కోమని దమయంతికి చెప్పారు. ఆమె రాజధానికి ఫోన్ చేసింది. ఒకేసారి మూడు చోట్ల ఉంటుందనీ, భద్రత దృష్ట్యా చిరునామాలు చెప్పరనీ అక్కడివాళ్ళన్నారు. అదే రాసి పంపారు. ఈసారి జవాబు రెండు రోజుల్లోనే వచ్చింది. "ఏకకాలమున మూడు చోట్ల నివసించుచు చిరునామా గోప్యముగా నుంచుకొను దరఖాస్తుదారుని విషయము పోలీసువారి విచారణకు పంపడమైనది."

మర్నాడు ఒక కానిస్టేబుల్ వచ్చాడు. ఆరో నంబరు గది గుమ్మంలో నిలబడి, టోపీ చంకలో పెట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు. "ఆ మేఘం గారంటే ఎవరు మేడం? పాత కేసులేమైనా ఉన్నాయేటి?"

ఇలా తొమ్మిది నెలలు గడిచాయి.

ఒక బుధవారం పొద్దున్న పదకొండు గంటలకి ఆరో నంబరు గదిలో టిక్ టిక్ మని చప్పుడు వచ్చింది. తర్వాత చిన్న కీచు. తర్వాత ఏమీ లేదు. కొంచెం కాలిన వాసన. దమయంతి స్విచ్ ఆపింది, వేసింది. మళ్ళీ ఆపింది, వేసింది. బజారు నుంచి మెకానిక్ వచ్చి విప్పి చూశాడు.

"డిస్కు పోయింది మేడం. లోపల గీతలు పడిపోయాయి. కాపీ ఉంది కదా?"

కాపీ కోసం పెట్టిన ఫైలు ఇంకా న్యాయ సలహాదారు బల్ల మీదే ఉంది. మెకానిక్ వెళ్ళాక దమయంతి తలుపు దగ్గరగా వేసి, కుర్చీలో కూర్చుంది. ఇరవై రెండేళ్ళు. పాము కాటుకి కాలు తీసేసిన మనుషులు, రైలు కింద పడినవాళ్ళు, షుగరుతో వేలు తీసి, పాదం తీసి, చివరికి మోకాలిదాకా తీసినవాళ్ళు. ఒక్కొక్కరినీ బల్ల మీద కూర్చోబెట్టి, పేరడిగి, ఊరడిగి ఎక్కించింది. ఆమె ఏడ్చింది. ఎక్కువసేపు కాదు. ముఖం కడుక్కుని డైరెక్టర్ గదికి వెళ్ళింది.

వేదాద్రి గారు అంతా విన్నారు. కిటికీలోంచి బయటికి చూశారు. "ఇది వ్రాతపూర్వకంగా ఇచ్చారా?"

"ఇంకా లేదండి."

"ఇవ్వకండి."

"సార్, కొలతలు లేవండి. ఒక్కటి కూడా లేదు."

"మీరు కంగారులో ఉన్నారు. ఆలోచించండి. సమాచారమే లేదంటే, దేనికోసం మేఘం? దేనికోసం కమిటీ? పదమూడు సమావేశాల మినిట్స్ ఏం కావాలి?" ఆయన గొంతు మెత్తబడింది. "పైగా, ఆ సమాచారాన్ని తెరవరాదు, మార్చరాదు, వినియోగించరాదు అన్నారు. ఇప్పుడు ఎవరూ తెరవలేరు, మార్చలేరు, వినియోగించలేరు. నిషేధం అమలు విషయంలో మనం రాష్ట్రంలోనే ముందున్నాం."

ఆ వారం రాజధానికి వెళ్ళిన నివేదికలో అదే ఉంది: "నిషేధము నూటికి నూరుపాళ్ళు అమలగుచున్నది."

దమయంతి మెట్లు దిగి, వెనకవైపు రేకుల షెడ్డుకి వెళ్ళింది. కాళ్ళు తయారుచేసే చోటు అదే. సన్నిబాబు అనే పాత పనివాడు తొమ్మిది నెలలుగా అక్కడ పనిలేక అచ్చులకు నూనె రాస్తూ కూర్చునేవాడు. బెంచీ మీద నూకరత్నం ఉంది. కాలు సంగతి అడగడానికి ఆమె వారం వారం వస్తూనే ఉంది. తీగ మీద ఇప్పుడు ఇంకో తీగ ఉంది.

దమయంతి జరిగింది చెప్పేసింది. ఆఫీసు రహస్యం బయటివాళ్ళకి చెప్పడం ఆమె సర్వీసులో అదే మొదటిసారి.

సన్నిబాబు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. నూకరత్నం మాత్రం వింతగా చూసింది. "కొలతలు పోనాయా? మరి కాళ్ళు ఉన్నాయి గదా తల్లీ. నా కాడ జాకెట్ల కొలతల పుస్తకం రెండుపాల్లు పోనాది. వోనలో తడిసిపోనాదోపాలి, ఎలకలు కొట్టీసినాయోపాలి. అలాగని కుట్టడం మానీసినానా? రమ్మని మళ్ళీ తీసినాను."

అని మెళ్ళో ఉన్న టేపు తీసి చాపింది.

దమయంతి బ్యాగులోంచి సర్క్యులర్ తీసి, అక్కడే నిలబడి, పదకొండు పేజీలూ మళ్ళీ చదివింది. ప్రస్తుత సమాచారాన్ని తెరవకూడదని ఉంది. మనిషి కాలు కొలవకూడదని ఎక్కడా లేదు. షెడ్డులో సరుకు అంతా వాడకుండా పడి ఉంది. ఆమె ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకి వెళ్ళి రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు కొనుక్కొచ్చింది. మొదటి పేజీ మీద నూకరత్నం పేరు రాసింది. సన్నిబాబు కొలిచి చెబుతుంటే, ఆమె రాసింది.

పది రోజుల్లో కాలు తయారైంది. నూకరత్నం తొడుక్కుని షెడ్డులో ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచింది. మూడోసారి నడవకుండా గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఇంటికి పోలేదు. "ఆడోళ్ళ కొలతలు నాను తీస్తాను. సన్నిబాబుకాడ సిగ్గుపడతారు," అని బెంచీ జరుపుకుంది.

ఆ నెలలో పద్దెనిమిది మంది వచ్చారు. తర్వాత నెలలో నలభై. ఒక రోజు అప్పలస్వామి షెడ్డులోకి తొంగిచూశాడు. దమయంతి చేతిలో పెన్ను ఆగిపోయింది. అతను వరసగా కూర్చున్నవాళ్ళని చూశాడు, నోటుబుక్కు చూశాడు.

"నానేటీ సూళ్ళేదమ్మా," అన్నాడు. కాసేపటికి మళ్ళీ వచ్చాడు, తన బావమరిదిని చేయిపట్టి నడిపించుకుంటూ. "ఈడ్ని కూడా సూళ్ళేదు. పోలియో కాలు. కొలిసీండి."

పైన కమిటీ తన పని తాను చేస్తూనే ఉంది. పదహారో సమావేశంలో ఒక ఒప్పందం కుదిరింది. నాలుగు పేర్లూ అభ్యంతరకరమే కనుక, 'నాల్గింటిలో ఏదియు కానిదియు, నాల్గింటినీ విడనాడనిదియు అగు సమగ్ర సర్వజన మేఘము' కావాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. రాజధానిలో ఎవరో ఆ మాట తమ ఫారంలో ఏ గడిలోనూ పట్టక, మొదటి గడిలో టిక్కు పెట్టి పబ్లిక్ మేఘం మంజూరు చేశారు. ఇక్కడ ఎవరూ ఆ కాగితం తిప్పి చూడలేదు. ప్రారంభోత్సవానికి శాఖ కార్యదర్శి గారే స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది.

ఆవిడ వచ్చారు. ఆరో నంబరు గదికి సున్నం వేశారు, గుమ్మానికి మామిడాకులు కట్టారు. పాత మిషను స్థానంలో కొత్తది పెట్టి, పాతదాని డిస్కునే గౌరవంగా అందులో అమర్చారు. కార్యదర్శి గారు దీపం వెలిగించి, దమయంతి చూపించిన మీట నొక్కారు. తెర మీద ఒక గీత క్షణంలో ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తింది. కింద మూడు వరసలు వచ్చాయి. తరలించిన రికార్డులు: సున్నా. లోపాలు: సున్నా. నష్టం: సున్నా.

వేదాద్రి గారు కళ్ళజోడు సరిచేసుకుని కింది రెండు వరసలు బిగ్గరగా చదివారు. చప్పట్లు మోగాయి.

"ఒక్క లోపం కూడా లేదా?" కార్యదర్శి గారు ఆశ్చర్యపోయారు. "ఇంతవరకు ఏ సంస్థలోనూ ఇలా కాలేదే. మొన్న ఒక చోట నాలుగు వందల లోపాలొచ్చాయి."

దమయంతి ఒక అడుగు ముందుకు వేసింది. "అమ్మగారూ, ఇందులో అసలు..."

"ఇందులో అసలు కృషి ఈవిడదే," అన్నారు వేదాద్రి గారు. ఇంకోసారి చప్పట్లు మోగాయి. ఎవరో ఆమె చేతికి పూలగుత్తి ఇచ్చారు.

కార్యదర్శి గారు ఉత్సాహంగా ప్రసంగించారు. ఇది ఆరంభం మాత్రమేనన్నారు. రెండో దశలో కాగితాల మీద, రిజిస్టర్లలో, నోటుబుక్కుల్లో మిగిలిపోయిన సమాచారాన్నంతా కనిపెట్టి స్వాధీనం చేసుకుంటారు. నమూనా ఖరారయ్యేదాకా దాన్ని కూడా ఎవరూ ముట్టుకోకుండా సీలు వేస్తారు. ఆవిడ ఇంకా మాట్లాడుతుండగానే వెనకవైపు నుంచి గ్రైండరు చప్పుడు వినిపించింది.

"అదేమిటి?" అని ఆవిడ వేదిక దిగి అటు నడిచారు. వేదాద్రి గారు వెనక, ఆయన వెనక కమిటీ, అందరికన్నా వెనక పూలగుత్తితో దమయంతి.

షెడ్డులో పదకొండు మంది బెంచీ మీద వరసగా ఉన్నారు. సన్నిబాబు గ్రైండరు ఆపాడు. నూకరత్నం మెళ్ళో టేపుతో నేల మీద కూర్చుని ఒకామె కాలు కొలుస్తోంది. పక్కన స్టూలు మీద నోటుబుక్కు తెరిచి ఉంది. కార్యదర్శి గారు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. పేజీ నిండా అంకెలు.

"ఇవి కొలతలు కదూ? ఇది డేటా కదూ?"

వేదాద్రి గారి ముఖం తెల్లబోయింది. అప్పలస్వామి పైకప్పు రేకుల వంక చూశాడు. బెంచీ మీద ఉన్న పదకొండు మందీ దమయంతి వంక చూశారు.

దమయంతి ముందుకు వచ్చింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆమె ఒక్క తప్పుడు అంకె కూడా రాసిన మనిషి కాదు.

"కాదమ్మగారూ. అది బట్టల కొలతల పుస్తకం. ఈవిడ టైలరండి. కాళ్ళకి తొడుగులు కుట్టడానికి వస్తుంది. ఖాళీ ఉన్నప్పుడు బయటివాళ్ళ జాకెట్లు కూడా కుడుతుంది."

కార్యదర్శి గారు పేజీ వంక పరిశీలనగా చూశారు. "పొడవు పద్నాలుగు, చుట్టు పదకొండున్నర... జాకెట్టు చేతులకా?"

"అవునమ్మా," అంది నూకరత్నం నేల మీంచి, తొణక్కుండా. కొత్త కాలి మీద ఒక్క ఊపున లేచి నిలబడింది. "ఈకాలం అందరూ మోసేతి దాకా పొడుగు సేతులే ఏయించుకుంటన్నారు. తమరిక్కూడా బాగుంటాది. కొలత తియ్యమంటారా?"

కార్యదర్శి గారు తన జాకెట్టు చేతిని ఒకసారి లాగి చూసుకున్నారు. "రాజధానిలో ఒక్కడికీ సరిగా కుట్టడం రాదు," అన్నారు బాధగా. "భుజం దగ్గర ఎప్పుడూ పట్టేస్తుంది."

"ఇలా తిరగండి తల్లీ."

నూకరత్నం కొలిచింది. దమయంతి పూలగుత్తి సన్నిబాబు చేతికిచ్చి, పెన్ను తీసుకుని, మోకాలి పైన ఎడమకాలికీ మోకాలి కింద కుడికాలికీ మధ్య ఆ అంకెలు శ్రద్ధగా రాసింది. డైరెక్టర్, న్యాయ సలహాదారు, పరిపాలనాధికారి గోడవైపు తిరిగి మర్యాదగా నిలబడ్డారు. కార్యదర్శి గారు పుస్తకాన్ని తన చేత్తోనే మూసి, జాగ్రత్తగా స్టూలు మీద పెట్టి, కారెక్కి వెళ్ళిపోయారు.

ఆ ఏడాది సంస్థకి రాష్ట్ర స్థాయిలో ప్రథమ బహుమతి వచ్చింది. దాన్ని వేదాద్రి గారు అందుకున్నారు. సున్నా లోపాల రహస్యం తెలుసుకోవడానికి మిగతా జిల్లాల నుంచి బృందాలు వచ్చి, ఆరో నంబరు గదిలో ఫొటోలు దిగి వెళ్ళేవి. షెడ్డులో రెండో నోటుబుక్కు మొదలైంది.

ప్రారంభోత్సవం జరిగిన రెండు వారాలకే రాజధాని నుంచి దమయంతికి ఫోన్ వచ్చింది. నూకరత్నం కుట్టి పంపిన జాకెట్టు అందిందనీ, భుజం దగ్గర ఎక్కడా పట్టలేదనీ కార్యదర్శి గారు చెప్పమన్నారట. ఆ ఏడాది ఆ సంస్థ నుంచి రాజధానికి చేరిన సరైన కొలత అదొక్కటే.